మొగిలమ్మ ఎక్కేదాకా

మా తాళ్లకుంట మీదుగా పొద్దున పూట ఒక ప్యాసింజరు పోయేది. రఘునాథపల్లి దాటి వచ్చి, మా హాల్టులో ఒక్క నిమిషం ఆగి, కాజీపేట మీదుగా వరంగల్ చేరేది. టైంటేబుల్ ప్రకారం మా దగ్గరికి ఏడుంబావుకు రావాలి. ఆ టైంటేబుల్ రాసినాయన ఎవరో గానీ మహా హాస్యప్రియుడని మా ఊళ్లో పేరు. ఎనిమిదిన్నరకు వస్తే, ఇవాళ బండి తొందరపడిందేమిటని ఆశ్చర్యపోయేవాళ్లం.

నేనప్పుడు వరంగల్ చౌరస్తాలో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాను. పదిహేనేళ్లకు పైగా ఆ బండిలోనే పోయి వచ్చాను. అందులో కూర్చున్న కాలమంతా కలిపితే ఇంకో పెళ్లి చేసుకుని పిల్లల్ని కని వాళ్లను బడికి కూడా పంపి ఉండేవాణ్ణి. ఈ మాట నాది కాదు, పాల యాకయ్యది. మా ఊరి పాలన్నీ క్యాన్లలో పోసుకుని వరంగల్ హోటళ్లకు వేసే యాకయ్య, ఆ బండి మీద కథలు కట్టడంలో దిట్ట. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. యాకయ్యకు ఆ పట్టింపు లేదు.

"ఒకాయన మొదటి డబ్బల కూసోని దోసకాయ తినుకుంట గింజలు కిటికీలకెళ్లి ఉమిసిండు. ఆఖరి డబ్బ ఆడికొచ్చెటాల్లకు తీగ పారి కాయలు కాసినయి. ఆ డబ్బోళ్లు కిటికీలకెళ్లి చెయ్యిపెట్టి తెంపుకున్నరు" అనేవాడు. ఒకసారి జాతరకు ఎడ్లబండి కట్టుకుని పోయినవాళ్లు మేడారంలో మొక్కు తీర్చుకుని, అమ్మవార్ల బెల్లం పట్టుకుని తిరిగివచ్చి, అప్పటికింకా కాజీపేట చేరని మా ప్యాసింజరులో అందరికీ ప్రసాదం పంచారని ఒట్టేసి చెప్పేవాడు. బక్కమేకను కిటికీకి కట్టేసుకుని ఎక్కినవాడు వరంగల్‌లో దిగేసరికి దానికి రెండు పిల్లలు ఉన్నాయట. బండి ఎందుకింత మెల్లగా పోతుందని అడిగితే, "కొత్తకోడలు అత్తగారింటికి పోతాంది, ఇంకెట్ల పోతది?" అనేవాడు. డబ్బా అంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి.

ఈ నవ్వుల వెనక ఒక అలవాటుంది. అది చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు.

హాల్టు ఊరికి చుట్టుబాటలో మైలు దూరం. అక్కడ అడుగెత్తు మట్టిగడ్డ ఒకటి, దాని మీద రేకుల గది ఒకటి ఉంటాయి. ఆ గదిలో టికెట్లమ్మే సారంగపాణి గారుండేవారు. హాల్టు దాటిన తర్వాత పట్టాల వెంబడి అర మైలుకు, మా ఊరి వెనకనే, మొరంగడ్డ అని ఒక ఎత్తు వస్తుంది. ఆగి బయల్దేరిన బొగ్గింజను ఆ ఎత్తెక్కేటప్పుడు ఆయాసంతో రొప్పుతూ మనిషి నడకకు వస్తుంది. ఇంటి వెనక నుంచి నాలుగు అంగలు వేస్తే అందే బండి కోసం మైలు నడిచేదెవరు? ఊరి మగవాళ్లందరం మొరంగడ్డ దగ్గరే నిలబడి, నడుస్తున్న బండి ఎక్కేవాళ్లం. యాకయ్య అయితే ముందు రెండు క్యాన్లు లోపల పెట్టి, బీడీ ముట్టించుకుని, అప్పుడు తాను ఎక్కేవాడు. సగం మంది దగ్గర సీజను పాసు ఉండేది. మిగతా సగం మంది దగ్గర ధైర్యం ఉండేది.

మా ఊళ్లో మగపిల్లవాడికి మీసం మొలిచిందా లేదా అన్నది చూసేవాళ్లు కాదు. మొరంగడ్డ మీద ఎక్కుతున్నాడా లేదా అన్నదే చూసేవాళ్లు. హాల్టుకు పోయి, టికెట్ కొని, ఆగిన బండి ఎక్కడమంటే ముసలివాళ్ల పని అన్నమాట.

రోజూ హాల్టులో ఎక్కే మనిషి ఒక్కతే ఉండేది. మొగిలమ్మ.

ఆమె భర్త పోశయ్య బావి కింద అరెకరంలో పుంటికూర, పాలకూర, మెంతికూర పండించేవాడు. అతనికి మట్టితో తప్ప మనుషులతో మాట్లాడటం రాదు. అమ్మే పని మొగిలమ్మది. తెల్లవారకముందే కోసి, కట్టలు కట్టి, రెండు గంపలకెత్తి వరంగల్ తీసుకుపోయేది. ఆకుకూర సంగతి తెలిసిందే, మధ్యాహ్నం దాటితే మేకలకే. ఒకప్పుడు మొరంగడ్డ మీద మా అందరికన్నా బాగా ఎక్కేది ఆమే. నెత్తి మీద గంప కదలకుండా, ఒక్క చేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కేది. మా ఊరి ఆడవాళ్లలో ఆ ధైర్యం ఆమెకొక్కదానికే ఉండేది.

డెబ్బైనాలుగు వానాకాలంలో ఒకరోజు కమ్మీ తడిగా ఉండి చెయ్యి జారింది. ప్రాణం దక్కింది గానీ ఎడమ మోకాలు నలిగింది. ఎమ్జీఎం దవాఖానలో మూడు నెలలు, ఇంట్లో రెండు నెలలు మంచాన ఉంది. లేచాక ఆ మోకాలు మళ్లీ వంగలేదు. కర్ర పట్టుకుని, కాలును పక్కకు తిప్పుతూ నడిచేది. ఇక ఆమె బేరం అయిపోయిందనుకున్నాం. ఆరో నెలలో ఒక పొద్దున గంపలు నెత్తినెత్తుకుని మైలు దూరం నడిచి హాల్టుకు పోయింది.

తారు రోడ్డు నాలుగు మైళ్లు. అంత దూరం నడిచినా, గంపలు చూస్తే బస్సు ఆపరు. ఆపినా ఆ మెట్లు ఆమె ఎక్కలేదు. ఆ ఒక్క నిమిషం ఆగే బండి తప్ప ఆమెకు వరంగల్ పోయే మార్గం లేదు.

ఎక్కడం కూడా ఒక తతంగమే. సారంగపాణి గారు తన గదిలోంచి ఒక పీట తెచ్చి తలుపు ముందు వేసేవారు. ముందు ఒక గంప, తర్వాత రెండో గంప, తర్వాత కర్ర. అప్పుడు పీట మీద నిలబడి, రెండు కమ్మీలూ పట్టుకుని, వెనక్కి తిరిగి డబ్బా అంచు మీద కూర్చుని, వంగని కాలును రెండు చేతులతో ఎత్తి లోపలికి లాక్కునేది. బండి ఆగేది నిమిషం. ఆమెకు పట్టేది మూడు నిమిషాలు. గార్డు విసుక్కునేవాడు. డ్రైవరు మాత్రం కిటికీలోంచి తల బయట పెట్టి, ఆమె లోపలికి జరిగేదాకా చూసి కూత వేసేవాడు.

ఇది కూడా యాకయ్యకు కథే అయింది. "ఏ బండికైన ఇంజనూ బ్రేకూ బండికే ఉంటయి. మా బండికి ఇంజను ముందట్ల ఉంటది, బ్రేకు హాల్టుల ఉంటది. దాని పేరు మొగిలక్క" అనేవాడు, ఆమె వినేటట్టుగానే. ఆమె నవ్వేది కాదు, కోప్పడేదీ కాదు. కింద చెదిరిన కట్టలు సర్దుకునేది. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అని నాకు తెలియక కాదు. తెలిసీ నవ్వాను.

డెబ్బైతొమ్మిది దసరాకు పదిహేను రోజుల ముందు హాల్టుకు ఒక ఉత్తరం వచ్చింది. సారంగపాణి గారు దాన్ని రెండుసార్లు చదువుకుని, మొగిలమ్మకు తెలుగులో చెప్పారు. తాళ్లకుంటలో ఎక్కేవాళ్లు లేరని పైవాళ్లకు తెలిసింది. రాబోయే సోమవారం ఒక ఆఫీసరు వచ్చి, ప్లాట్‌ఫారం మీద నిలబడి లెక్క చూస్తాడు. టికెట్టో పాసో ఉండి ఎక్కేవాళ్లు యాభై మందికి తక్కువైతే, ఒకటో తారీఖు నుంచి బండి ఇక్కడ ఆగదు.

"మన ఊరోళ్లు అరువై మంది ఎక్కుతరు గదా సారూ?" అంది మొగిలమ్మ.

"ఎక్కుతరు. ఈడ గాదు గదమ్మా."

ఆమె ఆ పూట బండి ఎక్కి వెళ్లి, కూర అమ్ముకుని వచ్చింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. మర్నాడు, గురువారం, ఆమె హాల్టుకు పోలేదు. మొరంగడ్డకు వచ్చింది.

మేమందరం అప్పటికే అక్కడ ఉన్నాం. రెండు గంపలు కిందికి దింపి, కర్ర మీద ఆనుకుని నిలబడింది.

"ఏందక్కా, తొవ్వ తప్పినవా?" అన్నాడు యాకయ్య.

"తప్పలె. ఒకటో తారీఖు సంది నేను గూడ ఈడనే ఎక్కాలె. గందుకే ఇయ్యాల్నే నేర్సుకుందామని వచ్చిన. నన్ను ఎక్కియ్యుండ్రి."

నలుగురైదుగురు నవ్వారు. ఆమె ఉత్తరం సంగతి చెప్పింది. నవ్వు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

"హాల్టు తీసేస్తె తియ్యనియ్యక్కా. మాకేం ఫికరు? మేం ఈడ ఎక్కుతలేమా?" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"మీకు రెండు కాళ్లున్నయి బిడ్డా."

అంతలో హాల్టులో బండి ఆగిన చప్పుడు, మళ్లీ కదిలిన చప్పుడు వినిపించాయి. ఇంజను రొప్పుతూ ఎత్తెక్కుతోంది.

"ఇద్దరు నా రెక్కలు పట్టుండ్రి. ఒకలు గంపలు అందియ్యుండ్రి. జల్దీ!" అంది మొగిలమ్మ. అని, కర్ర కింద పడేసి, రెండు చేతులూ చాపి పట్టాల పక్కన నిలబడింది.

ఎవరూ కదల్లేదు. ఇంజను మా ముందు నుంచి పోయింది. ఒకటో డబ్బా పోయింది, రెండోది పోయింది. ఆమె చేతులు అలాగే చాపి ఉన్నాయి. నాకు డెబ్బైనాలుగు నాటి వాన గుర్తొచ్చింది. అందరికీ అదే గుర్తొచ్చి ఉంటుంది, ఎందుకంటే ఆ రోజు బండి ఎక్కిన మొగవాడు ఒక్కడు లేడు. చివరి డబ్బాలో గార్డు మమ్మల్ని చూసి, ఈ ఊరికి ఇవాళ ఏమైందన్నట్టు నోరు తెరిచాడు. బండి మలుపు తిరిగి పోయింది.

"చూసిండ్రా?" అంది మొగిలమ్మ. "ఇంతమంది మొగోళ్లతోని గాలె. రేపు మల్లొస్త. ఎల్లుండి గూడ వస్త. మీరు ఎక్కిచ్చెదాక రోజూ గిట్లనే వస్త."

యాకయ్య తల వంచుకున్నాడు. అతన్ని అలా చూడటం నాకదే మొదటిసారి. ఆమె జారిపడిన రోజు 'జల్దీ దా అక్కా' అని లోపలి నుంచి పిలిచింది అతనే. ఆ సంగతి అతనూ ఎప్పుడూ ఎత్తడు, ఆమె కూడా ఎత్తదు.

"సోమారం అందరం హాల్టుకొస్తమక్కా. సమ్మక్క సారలమ్మ మీద ఒట్టు" అన్నాడు.

"గీ ముచ్చటల అమ్మలనెందుకు తెస్తవు? నువ్వు రా, సాలు."

గంపల్లోని కూర ఆ రోజు ఇక అమ్ముడుపోదు. ఆమె తలా ఒక కట్ట మా చేతుల్లో పెట్టింది. "ఇంట్ల చెప్పుండ్రి, ఇది సోమారం కట్ట అని. యాది మరువద్దు" అంది. ఆ పూట మా ఊళ్లో ఏ ఇంటి పొయ్యి మీద చూసినా పుంటికూరే. నా భార్య పద్మ వండుతూ, "ఆమె ముంగట తలకాయెత్తుకోని ఎట్ల నిలవడ్డవు?" అని అడిగింది. నాకు నిజంగానే సిగ్గేసింది.

శుక్ర, శని, ఆది మూడు రోజులూ మొగిలమ్మ సాయంత్రం బండి దిగాక ఇల్లిల్లూ తిరిగింది. ఆ కాలుతో ప్రతి గడప ముందూ ఆగి, ఒకే మాట చెప్పేది. బతిమాలేది కాదు. అడగడం తన హక్కన్నట్టు అడిగేది.

సోమవారం వచ్చింది. ఆఫీసరు పొద్దున్నే జీపులో వచ్చి సారంగపాణి గారి కుర్చీలో కూర్చున్నాడు. మేము మాట తప్పే ఉద్దేశంతో లేం. బండి ఎనిమిదిన్నరకు ముందు రాదు కాబట్టి, ఎనిమిదింటికి కదిలితే హాల్టుకు తీరిగ్గా చేరుకోవచ్చని లెక్క వేసుకున్నాం. ఆ లెక్కలో తప్పులేదు. పదేళ్లుగా తప్పలేదు.

ఆ రోజు బండి ఏడూ పద్నాలుగుకు వచ్చింది. ఒక నిమిషం ముందే!

ఎందుకొచ్చిందో ఈనాటికీ తెలియదు. ఆఫీసరు ఉన్నాడని ముందు స్టేషన్లకు కబురు పోయిందని కొందరన్నారు. మమ్మల్ని ఏడిపించడానికే వచ్చిందని యాకయ్య అన్నాడు. కూత వినిపించినప్పుడు నా నోట్లో పళ్లపొడి ఉంది. పుక్కిలించి, చొక్కా తొడుక్కుంటూ బయటికి ఉరికాను. వీధి నిండా ఉరికేవాళ్లే. చెప్పులు లేనివాళ్లు, గుండీలు పెట్టుకోనివాళ్లు, క్యాన్లు మోస్తూ యాకయ్య, అన్నం డబ్బా పట్టుకుని నేను. ఒక్కరు కూడా వెనకబడలేదు. అందరం రొప్పుతూ చేరి నిలబడ్డాం, మొరంగడ్డ మీద.

అదీ మేము చేసిన పని. కాళ్లు పదేళ్లుగా ఎరిగిన దారినే పోయాయి. పైగా నిలబడి, బండికన్నా ముందే వచ్చామని ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుని మురిసిపోయాం కూడా.

బండి హాల్టులో ఆగి ఉంది. పొగ కనిపిస్తోంది. నిమిషం అయింది, రెండయ్యాయి, ఐదయ్యాయి. కదల్లేదు.

"ఏమాయెరా, కదుల్తలేదు?" అన్నాడు ఎవరో.

యాకయ్య క్యాన్లు కింద పెట్టాడు. "ఓరి నాయనా! లెక్క ఆడ గదరా! అక్క ఒక్కతే ఉన్నది ఆడ!" అన్నాడు. క్యాన్లు మళ్లీ ఎత్తుకుని పట్టాల వెంబడి హాల్టు వైపు ఉరికాడు. వెనకే మేమందరం.

మేము ఆ అర మైలు ఉరికేలోపు హాల్టులో ఏం జరిగిందో తర్వాత సారంగపాణి గారు చెప్పారు. ఆయన పొడి మాటల మనిషి, ఒకటికి రెండు కలపడు.

బండి వచ్చి ఆగేసరికి ప్లాట్‌ఫారం మీద మొగిలమ్మ ఒక్కతే ఉంది. ఆఫీసరు ఇటూ అటూ చూసి, కాగితం మీద ఒకటి అని వేయబోయాడు.

"ఆగుండ్రి సారూ, రాయకుండ్రి. ఎక్కెటోళ్లు వస్తాండ్రు" అంది ఆమె.

"ఎక్కడమ్మా? ఒక్క మనిషి కూడా కనపడటం లేదే!"

ఆమె ఒక గంప లోపల పెట్టింది. దాన్ని మళ్లీ కిందికి దించి, కట్టు వదులైందని గుడ్డ విప్పి బిగించింది. మళ్లీ లోపల పెట్టింది. రెండో గంప ఎత్తుతూ వంచింది. కట్టలన్నీ మట్టి మీద పడ్డాయి. వంగని కాలుతో కింద కూర్చుని, ఒక్కొక్క కట్టే ఏరి, మట్టి దులిపి, గంపలో పేర్చసాగింది. సారంగపాణి గారు సాయం చేయబోతే, "మీరు పెద్దోళ్లు, వంగకుండ్రి" అని ఆయన వైపు ఒక చూపు చూసింది. ఆయనకు అర్థమై, వంగడం మానేశారు.

గార్డు చివరి డబ్బా నుంచి నడుచుకుంటూ వచ్చాడు. "ఏందమ్మా, ఎక్కుతవా ఎక్కవా?"

"ఎక్కుతాన సారూ. కాలు వంగొద్దా?"

కట్టలు ఏరడం అయిపోయింది. ఇక చేయడానికి ఏమీ మిగల్లేదు. గార్డు వెనక్కి పోయి పచ్చజెండా తీశాడు. అప్పుడు ఆమె పీట ఎక్కింది. మంచి కాలు పీట మీదే ఉంచి, వంగని కాలు డబ్బా మెట్టు మీద వేసి, రెండు చేతులతో కమ్మీలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. లోపలికీ లేదు, బయటికీ లేదు. బండి ఒక్క అడుగు కదిలితే ఆమె కింద పడుతుంది. ఆమెను ఒకసారి పడేసిన బండి అదే. ఆమె పెదవి కరచుకుని ఉందని సారంగపాణి గారు చెప్పారు. నేను ఆ మాట విన్నప్పుడు ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకిప్పుడు నామోషీ లేదు.

"ఏమిటీ మొండితనం?" అని ఆఫీసరు కేకలేశాడు. "మీ ఒక్కరి కోసం బండంతా ఆపుతారా?"

"నా ఒక్కదాని కోసమైతె గింతసేపు ఆపకపోదును సారూ" అంది ఆమె, తల తిప్పకుండా.

డ్రైవరు కిటికీలోంచి వెనక్కి చూస్తున్నాడు. జెండా ఊగలేదు. కూత పడలేదు. అంతలో ముందు వైపు నుంచి పట్టాల వెంబడి మేము కనిపించాం. అరవై మంది ఇంజనుకు ఎదురుగా ఉరికి రావడం చూసి, ఏ గొడవో వస్తోందని ఆఫీసరు గది గుమ్మంలోకి జరిగాడట.

"పిలాట్‌ఫారం ఎక్కుండ్రి! ఎవ్వడు అటు దిక్కు నుంచి ఎక్కొద్దు!" అని అరుస్తూ వచ్చాడు యాకయ్య. మట్టిగడ్డ మీద నిలబడి అందరం రొప్పుతున్నాం. ఆఫీసరు తేరుకుని, టికెట్టు గానీ పాసు గానీ చూపించినవాళ్లనే లెక్కిస్తానన్నాడు. పాసులున్నవాళ్లం చూపించాం. ధైర్యం మాత్రమే ఉన్నవాళ్లందరూ ఆ రోజు టికెట్లు కొన్నారు. సారంగపాణి గారి చేతులు ఆ కిటికీలో అంత వేగంగా ఆడటం మేమెప్పుడూ చూడలేదు. ఒక్కొక్కరం ఆఫీసరు ముందు నుంచి నడిచి డబ్బాల్లోకి ఎక్కాం.

దగ్గరి తలుపుకు అడ్డంగా ఉన్నానని మొగిలమ్మ కాలు కిందికి దించింది. గంపలు కూడా దించి పక్కకు జరిగింది. ఇరవై నిమిషాలు ఓపిక పట్టిన గార్డు, చివరి మనిషి లోపలికి పోగానే జెండా ఊపేశాడు. బండి కదిలింది. మేము కిటికీల్లోంచి చూసేసరికి, ఆమె రెండు గంపల మధ్య ప్లాట్‌ఫారం మీదే ఉంది.

"అక్క! అక్క ఎక్కలే!" అని యాకయ్య తలుపు దగ్గరికి ఉరికి, దూకబోయాడు.

ఆమె కర్ర ఎత్తి, ఊరంతా వినబడేలా అరిచింది. "దిగకు యాకయ్యా! దిగితె లెక్క తగ్గుతది!"

యాకయ్య కమ్మీ పట్టుకుని ఆగిపోయాడు. ఆ రోజు వరంగల్ చేరేదాకా అతను ఒక్క కథ చెప్పలేదు.

బండి పోయాక, "ఇంత చేసి నువ్వెందుకు ఎక్కలేదమ్మా?" అని ఆఫీసరు ఆమెను అడిగాడట.

"రేపెక్కుత సారూ. రేపు గూడ ఆగుతది గదా?" అందట ఆమె.

ఆయన కాగితం మీద అరవై అని ఉన్నదాన్ని కొట్టేసి అరవై ఒకటి అని రాసి, జీపెక్కి వెళ్లిపోయాడు. హాల్టు కొనసాగుతుందని దీపావళి తర్వాత ఉత్తరం వచ్చింది.

ఇక్కడితో మేమందరం బుద్ధి తెచ్చుకుని హాల్టులోనే ఎక్కామని రాస్తే బాగుంటుంది గానీ, అది జరగలేదు. నెల రోజులు పోయాం. తర్వాత చలికాలం వచ్చింది, పొద్దున లేవబుద్ధి కాలేదు, మొరంగడ్డ ఇంటి వెనకే ఉంది. ఒకరి తర్వాత ఒకరం మళ్లీ అక్కడికే చేరాం. నేనూ చేరాను, అబద్ధమెందుకు? సీజను పాసులు మాత్రం అందరం హాల్టు పేరు మీదే తీసుకున్నాం. అందువల్ల కాగితాల్లో మా హాల్టు నిండుగానే ఉండేది. మొగిలమ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తన మైలు తాను నడిచి, తన పీట మీద తాను ఎక్కేది. బ్రేకు కథ మాత్రం యాకయ్య మళ్లీ ఎన్నడూ చెప్పలేదు.

ఎనభై ఐదులో మా ప్యాసింజరుకు డీజిలింజను తగిలించారు. అది మొరంగడ్డను లెక్కచేయలేదు. మొదటిరోజు కమ్మీ అందుకోబోయిన ఇద్దరు కంకర మీద బోర్లా పడ్డారు. యాకయ్య క్యాను ఒకటి పాలతో సహా దొర్లుకుంటూ కాలువలో పడింది. ఎత్తు మీద అరవై మందిమి నిలబడి, కళ్ల ముందు నుంచి పోతున్న బండిని చూస్తుండిపోయాం. తారు రోడ్డు నాలుగు మైళ్లు. దుకాణం, హోటళ్లు, మిల్లు పనులు అన్నీ వరంగల్‌లో. ఆ క్షణంలో మాకందరికీ ఒక్కసారే తెలిసివచ్చింది, ఆనాడు ఆ మనిషి రెండు కమ్మీలు పట్టుకుని నిలబడకపోయి ఉంటే మా ఊరికి ఇవాళ్టి నుంచి బండే లేదని.

మర్నాడు అందరం హాల్టుకు పోయాం. మొగిలమ్మ ఎప్పట్లాగే ముందు వచ్చి ఉంది. మమ్మల్ని చూసి, "అరే, అందరొచ్చిండ్రు!" అంది. సరిగ్గా సమయానికి డీజిల్ బండి వచ్చి ఆగింది. సారంగపాణి గారు అప్పటికి రిటైరయ్యారు. యాకయ్య గదిలోకి పోయి పీట తెచ్చి తలుపు ముందు వేసి, గంపలు అందించాడు. ఆమె ఎప్పట్లాగే పీట ఎక్కి, వెనక్కి తిరిగి, అంచు మీద కూర్చుని, కాలును చేతులతో ఎత్తుకుంటోంది. వెనక అరవై మందిమి వరుసలో నిలబడ్డాం. ఎవరూ తోసుకోలేదు.

గార్డు కొత్తవాడు. చేతి గడియారం చూసుకుంటూ వచ్చి, "నిమిషం దాటింది! ఏమిటి ఆలస్యం?" అని కసిరాడు.

యాకయ్య అతనికి అడ్డంగా చెయ్యి చాపాడు. "జర ఆగు సారూ. మా టేషను ఇంకా ఎక్కుతాంది" అన్నాడు.